మబ్బు రోజుల్లో సోలార్ తగ్గుద్దని కస్టమర్లకి ముందే చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

గుంటూరు చుట్టుపక్కల ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే పని నాది. జులై, ఆగస్టు వచ్చిందంటే ఒకటే ఫోన్లు, "ఏవయ్యా 3 కిలోవాట్లు పెట్టావు, నిన్న 4 యూనిట్లు కూడా రాలేదు, ప్యానెల్ పోయిందా" అని. పోలేదండీ, ముసురు పట్టింది. మంచి ఎండ రోజు అదే సిస్టం 12 యూనిట్ల పైనే ఇస్తది.

మే నెల గురించి అస్సలు ఎవరూ చెప్పరు. ఎండ మండిపోతుంటే కరెంటు ఇంకా ఎక్కువ రావాలి కదా అనుకుంటారు, కానీ ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, మన డాబా మీద మధ్యాహ్నం ప్యానెల్ వేడి 60 దాటిద్ది, 25 పైన ఒక్కో డిగ్రీకి కరెంటు 0.3 నుంచి 0.4 శాతం పడిపోతా ఉంటది, అంటే పదో వంతు పైనే పోయినట్టు. దుమ్ము సంగతి సరేసరి.

ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సాయం చేసే పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అని చెప్పేటోళ్లు, బిల్లు జీరో అని చెప్పేటోళ్లు, ఈ మాట ఎందుకు చెప్పరు? లోన్ పెట్టి కొన్నోళ్లు పాపం ఎంత కంగారు పడతారో! కొటేషన్‌లోనే నెలవారీగా ఎన్ని యూనిట్లు రావొచ్చో రాసివ్వాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. కస్టమర్లకి ఒక్కటే, ఆకాశం తేటగా ఉన్న రోజు కూడా తక్కువొస్తే ముందు ప్యానెళ్లు కడిగి చూడండి, అప్పటికీ పెరక్కపోతే ఇన్వర్టర్ స్క్రీన్ ఫోటో తీసి బిగించినోళ్లకి పంపండి.

ఇట్లు,
ఒక సోలార్ టెక్నీషియన్, గుంటూరు