ఉగాదికి గుమ్మం ముస్తాబు

అందరికీ నమస్తే అండీ. ఈ ఉగాదికి ప్లాస్టిక్ తోరణాలు కొనకండి, దయచేసి. గుమ్మం వెడల్పు కన్నా మూరెడు ఎక్కువ పురికొస తీసుకోండి. మామిడాకు తొడిమ వైపు పురికొస మీదుగా వెనక్కి మడిచి కొబ్బరి ఈనె ముక్క గుచ్చితే చాలు, జారదు. మధ్యమధ్యలో వేపపూత రెమ్మలు దోపండి. లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన వస్తుంది చూడండీ, నాకైతే పండగంటే అదే!

గడపకి పసుపు రాసి, ఆరాకే కుంకుమ బొట్లు పెట్టండి.

పాత నేత చీరలుంటే పడేయకండి. 5.5 మీటర్ల చీర సగానికి కత్తిరిస్తే రెండు తలుపు తెరలొస్తాయి. పైన కడ్డీ పట్టేంత మడిచి కుట్టడమే. కొంగున్న ముక్క హాల్లోకి వేయండి, పొద్దుటెండకి జరీ మెరుస్తుంది. మిషన్ లేనివాళ్లు శనివారం మా ఇంటికి తెచ్చుకోండి, కుట్టిస్తాను.