నీ నాలుగెకరాల గురించి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ నాన్నగారి నాలుగెకరాలను రొయ్యల చెరువుకు లీజుకు అడుగుతున్నారనీ, వరి కౌలు కంటే చాలా ఎక్కువ ఇస్తామంటున్నారనీ, ఏం చెయ్యమంటావనీ రాశావు. ఇవ్వవద్దనే నా మాట.

డబ్బు విషయంలో నువ్వు చెప్పినదాంట్లో తప్పు లేదు. వరిలో మిగిలేది ఎంత తక్కువో మనకు తెలుసు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, సార్వాకు, అంటే వానాకాలం పంటకు, నీరు ఉండి కూడా పొలాలను బీడు పెట్టుకున్నది ఆ కడుపుమంటతోనే. చెరువులు తవ్వుకున్నవాళ్ళను నేను నిందించను.

అయినా ఆ నేల సామాన్యమైనది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు పారిన డెల్టా ఇది. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 అనే వరి వంగడాన్ని పండించి చూపించినదీ, 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి స్వర్ణ అనే వరి రకం విడుదలైనదీ మన పక్క ఊళ్ళలోనే. ఆ స్వర్ణ ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ పొలాల్లోకీ వెళ్ళింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన దేశానిది సుమారు 40 శాతం. అందుకే 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపగానే, బియ్యం కొనుక్కుని తినే ఆఫ్రికా దేశాలకు గుబులు పట్టుకుంది.

మనం వరి పండిస్తున్న తీరు నిర్దోషమని నేను అనడం లేదు. జీలుగ, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట పైర్లు చల్లి, ఎరువుగా నేలలోనే కలియదున్నే అలవాటును వదిలేసి యూరియా బస్తాల మీదే ఆధారపడ్డాం. పొటాష్ అయితే దాదాపు పూర్తిగా విదేశాల నుంచే రావాలి. కానీ ఆ తప్పును నాలుగైదు పంటల్లో దిద్దుకోవచ్చు. పచ్చిరొట్ట మళ్ళీ వెయ్యవచ్చు, కోతకు ముందు వరిచేలోనే మినుములు చల్లే మన పాత పద్ధతిని కొనసాగించవచ్చు.

చెరువు సంగతి వేరు. ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్క చేలోకి ఊరుతుంది. కింది పొలం రైతు వరి ఆకులు కొసల నుంచి ఎండిపోవడం చూస్తూ నిలబడాలి, ఆ లీజు సొమ్ములో అతనికి పైసా రాదు. చెరువును పూడ్చినా ఆ ఉప్పు వెంటనే పోదు. మేత మాటకొస్తే, పేదవాళ్ళ కూరలోకి రావలసిన చిన్న చేపలు పొడిగా మారి, సోయాతో కలిసి రొయ్యకు పోతున్నాయి. ఆ రొయ్యలో పెద్ద భాగం అమెరికాకు వెళుతుంది. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచితే, ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోయింది. ఇంతటి గొప్ప వరినేలను ఎక్కడో అమెరికాలో పెట్టే అలాంటి ఒక్క సంతకానికి కట్టెయ్యడం నాకు భయంగా ఉంది.

ఇంకో పని చెయ్యి. ఇప్పుడు సాగు చేస్తున్న కౌలు రైతుకే పొలాన్ని ఉంచి, కౌలు నాలుగైదు బస్తాలు తగ్గించు. కౌలు పత్రం మీద సంతకం పెట్టు; అది ఉంటే అతనికి పంట రుణానికీ, బీమాకూ దారి దొరుకుతుంది. మన యజమానులు భూమి పోతుందనే భయంతో ఆ సంతకం దగ్గరే వెనకాడతారు.

సంక్రాంతికి వస్తావు కదా, ముందు కింది పొలం రైతుతో గట్టు మీద కూర్చుని మాట్లాడు. లీజువాళ్ళకు అంతవరకూ మాట ఇవ్వకు.

నీ మిత్రుడు