పిల్లలను చూసుకునే ఇళ్లలో కర్పూరం డబ్బా ఎక్కడుండాలి?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో భార్యాభర్తలిద్దరూ షిఫ్టుల్లో పనిచేసే కుటుంబాలు పసిపిల్లలను పక్కింటి అత్తకో, వీధి చివరి అక్కకో నెలకింతని మాట్లాడుకుని అప్పగించడం మామూలే. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం నెలకొల్పాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు, మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం అటువంటి కేంద్రాలకు కనీస ప్రమాణాలూ ప్రకటించింది. ఈ ఇళ్ల గడప దాకా మాత్రం అవి రాలేదు.

స్నానాలగదిలో నేలమీదే ఉండే యాసిడ్, కూల్‌డ్రింక్ సీసాలో పోసిపెట్టిన కిరోసిన్, బిస్కెట్ ముక్కకు పూసి మూలన పెట్టిన ఎలుకల మందు ప్రమాదమని అందరికీ తెలుసు, అయినా అలాగే ఉంచుతారు. హారతి కర్పూరాన్ని అసలు ప్రమాదంగానే లెక్కించరు. మన ఊళ్లో అది లేని ఇల్లుండదు, ఉండేది కూడా చాలాచోట్ల పిల్లల చేతికందే దేవుడి గూట్లోనే. లడ్డూలోని పచ్చకర్పూరం వాసనకు, కలకండ పలుకులకు అలవాటుపడిన పసివాడు ఆ తెల్లని బిళ్లను ప్రసాదమనుకోవడంలో వింతేముంది? మింగిన కొద్ది నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. ఒక్క గ్రాము కూడా చిన్నపిల్లల ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. రిమోట్‌లలో, బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ గొంతు దిగువన ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు.

ఏదైనా మింగాడని తెలియగానే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. కిరోసిన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ వచ్చేదారిలో మరోసారి కాలుస్తుంది, కర్పూరం తిన్నవాడికి వాంతి మధ్యలోనే మూర్ఛ రావచ్చు. కాబట్టి ఆ పని చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, మింగిన వస్తువు సీసానో పొట్లాన్నో వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా సలహా ఇస్తుంది.

గడియ ఉన్న పై అలమర ఒక్కటి చాలు, ఇవన్నీ అందులో ఇముడుతాయి. నెల డబ్బులు మాట్లాడుకునేటప్పుడే తల్లిదండ్రులు వంటగదినీ స్నానాలగదినీ దేవుడి గూటినీ ఒకసారి చూసి రావాలి, ఇందులో మొహమాటానికి తావులేదు. ఎలాగూ ఇంటింటికీ తిరిగే అంగన్‌వాడీ కార్యకర్తల చేత ఇటువంటి ఇళ్లను గుర్తింపజేసి, అక్కడి ఆడవాళ్లకు ఒక పూట శిక్షణ ఇప్పించవలసిందిగా జిల్లా స్త్రీ, శిశు సంక్షేమ శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, జీవకోన, తిరుపతి