ర్యాక్ తలుపుకి అంటించిన కీ

అయ్యా,

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు అని మీ పత్రికలో తరచూ రాస్తున్నారు, మంచిదే. కానీ ఆఫీసుల్లో, కాలేజీల్లో, ఆస్పత్రుల్లో నెట్‌వర్క్ స్విచ్‌లకి, రౌటర్లకి (కంప్యూటర్లని ఒకదానితో ఒకటి, ఇంటర్నెట్‌తో కలిపే డబ్బాలు) వేసిన తాళం ఎలాంటిదో ఎవరూ పట్టించుకోవడం లేదు. రోజూ ఆ డబ్బాల మధ్యే తిరిగేవాణ్ణి కాబట్టి నేనే రాస్తున్నా.

పెద్ద నెట్‌వర్క్‌లో ఒక్కో స్విచ్‌లో విడివిడిగా పాస్‌వర్డ్‌లు పెట్టుకుంటూ కూర్చోలేం. మనం లాగిన్ అవుతుంటే స్విచ్ వెళ్లి ఒక సర్వర్‌ని అడుగుతుంది, ఈయన్ని రానివ్వమంటారా అని. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతులు రేడియస్, టాకాక్స్ ప్లస్. రెండింట్లోనూ స్విచ్‌కీ సర్వర్‌కీ మాత్రమే తెలియాల్సిన రహస్యం ఒకటుంటుంది, దాన్నే షేర్డ్ కీ అంటాం. పాస్‌వర్డ్ దారిలో ఎవరి కంటా పడకుండా చూసేది అదే, అవతల ఉన్నది మన సర్వరే అని స్విచ్ నమ్మేదీ దాన్నిబట్టే.

పోయిన నెల ఒక కాలేజీలో పాడైన స్విచ్ మార్చడానికి వెళ్లా. ర్యాక్ (స్విచ్‌లు బిగించే బీరువా) తలుపు తీస్తే లోపలివైపు సెల్లోటేపుతో అంటించిన కాగితం, అంచులు పసుపెక్కి ఉంది. పైన ఐపీ అడ్రస్‌లు, కింద కీ: కాలేజీ పేరు, పక్కన 123. అన్ని స్విచ్‌లకీ అదే. పెట్టినతను మానేసి ఏళ్లయిందట. మారుద్దామా అంటే, "ఇప్పుడెందుకండీ, అన్నీ పనిచేస్తున్నాయిగా" అన్నారు. వాళ్లని మరీ తప్పుపట్టలేను, సర్వర్‌లో మార్చి ఒక స్విచ్‌లో మర్చిపోతే రేపు అందులోకి మనమే వెళ్లలేకపోవచ్చు, ఆ టెన్షన్ అర్ధరాత్రి పూట నేనూ పడ్డవాణ్ణే.

ఇంకో ధీమా ఉంది. సిస్కో కంపెనీ స్విచ్‌ల కాన్ఫిగరేషన్‌లో, అంటే సెట్టింగుల ఫైల్‌లో, కీ గజిబిజి అంకెల్లా కనిపిస్తే చాలు, భద్రంగా ఉందనుకుంటారు. దాని ముందు 7 అని ఉంటే అది ఉత్త ముసుగే, విప్పడానికి క్షణం పట్టదు. టైప్ 6 (ముందు 6 ఉన్నది) అయితే ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్‌తో దాస్తుంది, అందుకు రెండు కమాండ్లు అదనంగా కొట్టాలి, అంతే. ఆ ఫైల్‌ని తీసుకెళ్లి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లకి మాత్రం నా దగ్గర మందు లేదు.

అసలు కీ పెట్టడమే మర్చిపోతే? 2025 సెప్టెంబరులో సిస్కోనే తన పరికరాల్లో నడిచే ఐఓఎస్ (ఐఫోన్‌ది కాదు), ఐఓఎస్ ఎక్స్‌ఈ సాఫ్ట్‌వేర్లలో లోపం ఉందని చెప్పింది: టాకాక్స్ ప్లస్ వాడుతూ కీ పెట్టని పరికరం ఉంటే, మధ్యలో దూరినవాడు ఆ సంభాషణ చదివేయొచ్చు, లేదా తానే సర్వర్‌లా నటించి లాగిన్‌కి సరే అనేయొచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేలోపు ప్రతి సర్వర్‌కీ కీ పెట్టి ఉందో లేదో చూసుకోవాలి. అలాగని కీ ఉంటే ఇక గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చనీ కాదు. 2024 జులైలో పరిశోధకులు బయటపెట్టిన బ్లాస్ట్ రేడియస్ దాడిలో, జవాబు అసలుదేనా అని రేడియస్ సరిచూసే ఎండీ5 లెక్క పాతబడిపోవడం వల్ల, కీ తెలియకుండానే సర్వర్ చెప్పిన 'వద్దు'ని 'సరే'గా మార్చి చూపించారు. దానికి మెసేజ్ ఆథెంటికేటర్‌ని (సందేశాన్ని దారిలో ఎవరూ మార్చలేదని చూపే ముద్ర) తప్పనిసరి చేయాలి, ఈ ట్రాఫిక్‌ని విద్యార్థుల వైఫైతో కలవకుండా వేరే దారిలో పంపాలి.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు (ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఏం చేశారో రాసి ఉండే చిట్టా) 180 రోజులు దాచాలి. దాస్తాం సరే, కీ ఊరందరికీ తెలిస్తే ఆ లాగ్‌లో ఉన్న పేరు నిజమని ఎలా నమ్మేది?

టెండర్లలో కేబుల్ ఎన్ని మీటర్లు, స్విచ్‌కి ఎన్ని పోర్టులు అని పేజీలకి పేజీలు రాస్తారు. అందులోనే ఒక్క షరతు కలపమని అడుగుతున్నా: ఒక్కో పరికరానికి వేరే కీ, కనీసం 16 అక్షరాలు, పని అప్పగించిన రోజే బిగించిన కంపెనీకి తెలియకుండా అన్నీ మార్చేయాలి, ఎవరైనా ఉద్యోగం మానేసినా అంతే.

ఆ కాలేజీలో కాగితం చింపి జేబులో వేసుకుని వచ్చాను. కీ మాత్రం ఇప్పటికీ అదే.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీర్, విజయవాడ