నీళ్లు మోకాలి దాకా రాకముందే

బంగారూ,

ఆ కొరియన్ సినిమా 'ది గ్రేట్ ఫ్లడ్' చూశాక వాన చప్పుడు వింటేనే గుండె దడదడలాడుతోందని రాశావు. అదే మెసేజ్ కింద దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని సిల్లిమ్-దోంగ్‌లో చవగ్గా దొరికిందంటూ బి01 అనే గది ఫోటోలు పెట్టి, శుక్రవారం డిపాజిట్ కడతానన్నావు. సినిమా చూసి భయపడ్డ పిల్లవి, ఆ గది చూసి ఎందుకు భయపడలేదో నాకు అర్థం కాలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

ముందు సినిమా సంగతి తేల్చేద్దాం. 2025 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, కిమ్ బ్యుంగ్-వూ తీశాడు, కిమ్ దా-మి తల్లిగా బాగా చేసింది. అంటార్కిటికాలో గ్రహశకలం పడుతుంది, మంచు కరిగి ఊళ్లు మునుగుతాయి, ఆమె బిడ్డను తీసుకుని అపార్ట్‌మెంటులో పైపైకి ఎక్కుతుంది. ఇది జరిగే పనేనా? లెక్క వెయ్యి. అంటార్కిటికా మంచు 2.6 కోట్ల ఘనపు కిలోమీటర్ల పైమాటే. మొత్తం కరిగితే సముద్రం 58 మీటర్ల దాకా లేస్తుంది. అంటే తీరాన ఉన్న భవనంలో పంతొమ్మిదో అంతస్తు దాకా అన్నమాట. కానీ కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ లెక్కన అంతా కరిగించడానికి పట్టే శక్తి, 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన రాయి తెచ్చిన శక్తికి ఇరవై రెట్లు. ఆ రాయి శక్తి (దాదాపు పది కోట్ల మెగాటన్నుల టీఎన్‌టీ అంటారు) ఒక్క జౌలు కూడా వృథా కాకుండా మంచులోకే పోయినా సముద్రం లేచేది మూడు మీటర్లు. అంత రాయి నిజంగా పడితే వరద గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదులే. కాబట్టి ఆ అలల గురించి భయపడకు.

సినిమాలో నీళ్లు మనిషిని పైకి తరుముతాయి. దక్షిణ కొరియాలో ఈ మధ్య జరిగిన పెద్ద ప్రమాదాలు చూస్తే నీళ్లు మనుషుల్ని పట్టుకున్నది నేల కిందే. 2022 ఆగస్టు 8 రాత్రి సోల్‌లోని దోంగ్జాక్ ప్రాంతంలో గంటలో 141.5 మిల్లీమీటర్ల వాన పడింది. 1907లో లెక్కలు మొదలయ్యాక ఆ నగరంలో ఒక గంటలో అంత వాన ఎప్పుడూ లేదు. అక్కడి మురుగు కాలువలు మోయగలిగేది గంటకు 95 మిల్లీమీటర్లే. మిగతాది రోడ్డెక్కింది, రోడ్డు మీది నుంచి పల్లానికి దిగింది. ఆ రాత్రే సిల్లిమ్-దోంగ్‌లో ఒక బన్‌జిహా ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ, వాళ్లలో ఒకరి పదమూడేళ్ల కూతురూ బయటికి రాలేక చనిపోయారు. నువ్వు పంపిన గది కూడా సిల్లిమ్-దోంగ్‌లోనే. ఫోటోలో కిటికీ గోడకు పైన, సీలింగుకు దగ్గరగా ఉంది, అందులోంచి నడిచేవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. అది బన్‌జిహానే, అంటే సగం నేలలో దిగిన ఇల్లు. ఉత్తర కొరియాతో యుద్ధ భయం ఉన్న 1970లలో, దాక్కోవడానికి పనికొస్తాయని ఇళ్ల కింద నేలమాళిగలు కట్టించారు. తర్వాత ఇళ్లు చాలక వాటినే అద్దెకిచ్చారు. దాక్కోవడానికి కట్టింది గనకే బయటపడటం కష్టం.

తలుపు సంగతి చెప్తాను, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఆ ఇళ్లకు తలుపు బయటికి తెరుచుకుంటుంది, దాని ముందు నాలుగు మెట్లు కిందికి దిగిన చిన్న గొయ్యి ఉంటుంది. వీధి నీళ్లు ముందు ఆ గోతిలో నిండుతాయి. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకో. బయట నీళ్లు 30 సెంటీమీటర్లుంటే తలుపు మీద పడే ఒత్తిడి 40 కిలోల బరువుతో సమానం. 50 సెంటీమీటర్లయితే 110 కిలోలు దాటుతుంది, 70 అయితే 220, మీటరయితే 450. లోతు రెట్టింపయితే బలం నాలుగింతలు అవుతుంది, అక్కడే అందరూ మోసపోతారు. నువ్వు హ్యాండిల్ వైపు తోస్తావు గనక అందులో సగం బలం చాలు. అంటే 30 దగ్గర 20 కిలోలు, తెరవగలవు. 50 దగ్గర 55 కిలోలు, అంటే నీ ఒంటి బరువుకంటే ఎక్కువ, అదీ తడి నేల మీద కాళ్లు జారుతుండగా. నీళ్లు మోకాలి దాకా రాకముందే బయటపడాలని ఎందుకంటారో ఇప్పుడు అర్థమైందా?

ఇంకో మాట వినే ఉంటావు: లోపల, బయట నీళ్లు సమానమయ్యేదాకా ఆగితే తలుపు తెరుచుకుంటుందని. సూత్రం నిజమే. కానీ బయట మీటరు, లోపల 80 సెంటీమీటర్లు ఉన్నప్పుడు కూడా తలుపు మీద ఇంకా 160 కిలోల ఒత్తిడి ఉంటుంది. తేడా అయిదు సెంటీమీటర్లకు వస్తే గానీ అది నలభై నాలుగు కిలోలకు దిగదు. అప్పటికి నడుం దాటిన చల్లటి నీళ్లలో, కరెంటు లేని చీకట్లో నిలబడి ఉంటావు. ఇక దారే లేనప్పటి మాట అది. దాన్ని నమ్ముకుని ముందు ఆగొద్దు.

కిటికీలోంచి దూకుదామంటే దొంగల భయానికి బయట ఇనప చువ్వలు బిగించి ఉంటాయి. 2022 తర్వాత లోపలి నుంచి తెరిచే చువ్వలు కొన్ని ఇళ్లకు పెట్టించారు, కానీ అన్నిటికీ కాదు.

నీళ్లు తలుపు దగ్గరే ముందు కనిపిస్తాయని కూడా అనుకోకు. వీధి మురుగు గొట్టం కంటే ఇల్లు పల్లంలో ఉంటుంది. అందుకే ఆ ఇళ్లలో టాయిలెట్ అరుగు మీద కట్టి ఉంటుంది. గొట్టం నిండగానే నీళ్లు వెనక్కి తన్నుకొస్తాయి. బాత్రూమ్ నేల మీది జాలీలో గుడగుడమని బుడగలు రావడం, కమోడ్‌లో నీళ్లు వాటంతటవే లేవడం, ఇవీ మొదటి గుర్తులు. అది కనిపిస్తే తువ్వాలు తెచ్చి జాలీకి కుక్కుతూ కూర్చోకూడదు. బయలుదేరాలి. కాళ్లింకా పొడిగా ఉంటే తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ దింపి, గ్యాస్ వాల్వు తిప్పు. నేల తడిసిపోతే స్విచ్ జోలికే పోకు. పాస్‌పోర్టు, విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు, ఫోను, చార్జర్ ఒక జిప్ కవర్‌లో వేసి జూన్ నుంచి సెప్టెంబరు దాకా తలుపు వెనక తగిలించి ఉంచు. లాప్‌టాప్ దొరికితే సరే, దొరక్కపోతే పోనీ.

మెట్ల మీది నుంచి నీళ్లు దూకుతుంటే పిక్కల ఎత్తులోనే పెద్దవాళ్లు కూడా ఎక్కలేరు, పిల్లలయితే చీలమండల దగ్గరే ఆగిపోతారు. చెప్పులతో ఎక్కొద్దు, ఊడిపోతాయి. స్పోర్ట్స్ షూస్ వేసుకో, లేకపోతే వట్టికాళ్లే నయం. రెయిలింగు వదలకు.

2022 సెప్టెంబరు 6న హిన్నమ్నోర్ తుపాను పోహాంగ్‌ను తాకినప్పుడు పక్కనున్న వాగు పొంగి, ఒక అపార్ట్‌మెంటు కింది పార్కింగ్ నిమిషాల్లో నిండిపోయింది. పైన ఇళ్లలో ఉన్నవాళ్లకు ఏమీ కాలేదు. కార్లు తీసుకోమని మైకులో చెప్తే దిగినవాళ్లలో ఏడుగురు పోయారు. ఇద్దరు మాత్రం సీలింగు కింది పైపులు పట్టుకుని, మిగిలిన కాస్త గాలి పీలుస్తూ పన్నెండు గంటలకు పైగా ఉండి బతికారు. ఆ ఇద్దరిలో ఒకరు తల్లి. ఆమెకు తోడు దిగిన హైస్కూలు వయసు కొడుకు బతకలేదు. సినిమాలో తల్లీకొడుకుల్ని చూసి ఏడ్చానని రాశావు కదా, నాకైతే ఆ సినిమా నడుస్తున్నంత సేపూ ఈ తల్లీకొడుకులే కళ్ల ముందున్నారు. ఎవరు పిలిచినా, ఏ మైకు చెప్పినా వానలో సెల్లారులోకి దిగొద్దు. సైకిల్ కోసమైనా సరే.

నేల కింది రోడ్లదీ అదే కథ. 2023 జులై 15న ఓసోంగ్ దగ్గర మిహో నది తాత్కాలిక కట్ట తెగి అండర్‌పాస్ నిండటానికి రెండు మూడు నిమిషాలు పట్టింది, పద్నాలుగు మంది పోయారు. అందులో సిటీ బస్సు కూడా చిక్కుకుంది. నువ్వెక్కిన బస్సు డ్రైవరు నీళ్లున్న అండర్‌పాస్ వైపు తిప్పితే సిగ్గుపడకుండా అరిచి ఆపించి దిగిపో.

ఇక్కడ మన అలవాటు ఒకటి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. జనం సామాన్లు మంచాల మీదికెక్కించి, మేడల మీద అన్నం పొట్లాల కోసం ఎదురు చూశారు. విజయవాడ పిల్లవి కాబట్టి వరదంటే నీకు అదే గుర్తొస్తుంది: ముందు సామాను సర్దుదాం, తర్వాత చూద్దాం అని. సోల్‌లో కుంభవృష్టి పడితే పావుగంటలో ముంచి, తెల్లారేసరికి తీసేయగలదు. అక్కడ సామాను సర్దేంత టైమే ఉండదు.

వీధిలోకి వచ్చాక రోడ్డు మధ్యన నడవకు. కింద ఒత్తిడికి మ్యాన్‌హోల్ మూతలు లేచిపోతాయి, మురికి నీళ్లలో ఆ రంధ్రం కనపడదు. అదే ఆగస్టు రాత్రి సోచో ప్రాంతంలో అక్కా తమ్ముడూ అలాగే పడిపోయారు. భవనాల గోడ పట్టుకుని, గొడుగు కొనతో ముందు నేల పొడిచి చూస్తూ కదులు. గాంగ్నామ్ స్టేషన్ చుట్టుపక్కల నేల పక్క వీధులకంటే బాగా పల్లం, పెద్ద వానలో అటు పోనే వద్దు. సిల్లిమ్-దోంగ్ ఉన్న క్వానాక్ వైపయితే దోరిమ్‌చోన్ వాగు గట్టు మీది నడకదారి అందరికంటే ముందు మునుగుతుంది. అపార్ట్‌మెంట్లో ఉంటే లిఫ్టు ఎక్కకు. దాని గుంట సెల్లారులోనే ఉంటుంది, కరెంటు ప్యానెళ్లూ చాలా చోట్ల అక్కడే. రెండో అంతస్తు దాటి ఎక్కితే చాలు, సినిమాలోలాగా ముప్పై అంతస్తులు పరుగెత్తనక్కర్లేదు.

ఆ సినిమాలో ఒక్కటి మాత్రం నాకు నచ్చింది. అందులో అదే వరద మళ్లీ మళ్లీ మొదలవుతుంది, ఆ తల్లి అదే మెట్లు అన్నిసార్లు ఎక్కుతుంది కాబట్టి చివరికి ఏ మూల ఏముందో ఆమెకు తెలిసిపోతుంది. నువ్వు కూడా ఎక్కడ చేరినా మొదటి వారంలోనే లైట్లు ఆపేసి ఫోన్ వెలుతురులో పైదాకా ఎక్కి చూడు. పై తలుపుకు తాళం ఉందా, మెట్ల మీద అట్టపెట్టెలు, సైకిళ్లు పేర్చారా అని.

ఫోన్‌లో విపత్తు హెచ్చరికలు గోల చేస్తున్నాయని ఆపేశావట. ఇప్పుడే ఆన్ చెయ్యి. గంటలో 50 మిల్లీమీటర్లు, మూడు గంటల్లో 90 రెండూ దాటితే, లేదా గంటలోనే 72 దాటితే, వాతావరణ శాఖే నేరుగా అత్యవసర మెసేజ్ పంపుతుంది. అవి కొరియన్‌లో ఉంటాయి, 'ఎమర్జెన్సీ రెడీ' యాప్ పెట్టుకుంటే ఇంగ్లిష్‌లో వస్తాయి. బన్‌జిహాలో ఉన్న స్నేహితులెవరైనా ఉంటే ఆ మెసేజ్ మోగిన క్షణమే వాళ్లను నీ దగ్గరికి రమ్మను. ఫైరింజన్, అంబులెన్సుల నంబరు 119కి ఫోన్ చేస్తే దుబాసీని కలుపుతారు, కానీ ఆ 2022 రాత్రి లైన్లు కిక్కిరిసి దొరకలేదు, కాబట్టి ఫోన్ నమ్ముకుని లోపల కూర్చోకు. దొరికితే ముందు చిరునామా చెప్పు, తర్వాత నేల కింద ఉన్నావో పైన ఉన్నావో చెప్పు.

గది విషయం. ఇంటి నంబరు 'బి01' లాగా బి అక్షరంతో మొదలైతే అది నేల కింది ఇల్లు. బ్రోకరు 'కొంచెమే కిందికి ఉంటుంది' అంటాడు. భవనం రిజిస్టరు కాపీ అడుగు, అందులో ఏ అంతస్తో రాసే ఉంటుంది. తలుపు ముందు నీళ్లాపే పలక, డ్రెయిన్‌కు వెనక్కి తన్నకుండా ఆపే వాల్వు ఉన్నాయి కదా అని మురిసిపోకు. అవి బిగించారంటే ఆ వీధిలోకి ఇంతకుముందు నీళ్లు వచ్చాయనో, వస్తాయని భయపడుతున్నారనో అర్థం. గోడలకు అడుగు ఎత్తులో కొత్త వాల్‌పేపర్ అతుకు కనిపిస్తే అదీ అంతే.

రెండో అంతస్తు గదికి నెలకు ఎంత తేడా పడుతుందో రాయి, మీ నాన్నా నేనూ సర్దుతాం. ఆ బి01 వాడికి మాత్రం శుక్రవారం డిపాజిట్ కట్టకు.

అమ్మ