చెరువు పరిగెల మీద ఇంత చిన్నచూపా?

సంపాదకులకు నమస్కారం.

గుండెకు చేపలు మంచివని పేపర్లో వచ్చినప్పుడల్లా సాల్మన్, ట్యూనా, లేదంటే ఒమేగా-3 మాత్రలు అంటారు తప్ప మా ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెరిగే చేప గురించి ఒక్క ముక్కా ఉండదు. ఒమేగా-3 కోసమైతే కవళ్లు, కానాగంతల్లాంటి సముద్రపు చేపలే మేలు, మా చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చెల్లో అంత ఉండదు, ఒప్పుకుంటాను. కానీ చేప తినేది అదొక్కదానికేనా? వంద గ్రాముల శీలావతిలో సుమారు 17 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, తేలిగ్గా అరుగుతుంది, కూరగాయల్లో దొరకని బి12 ఉంటుంది, పైగా అన్నం పప్పులతో పాటు చేప తింటే వాటిలోని ఐరన్ కూడా బాగా ఒంటబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది కదా, మరి ఇది ఎవరూ చెప్పరేం?

అసలు నేను చెప్పాలనుకున్నది చిన్న చేపల గురించి. పరిగెలను గరుకు బండ మీద కాస్త ఉప్పు, బూడిద వేసి రుద్ది పొలుసు పోగొట్టి, చింతపండు పులుసులో సన్న సెగ మీద మగ్గనిస్తే ముల్లు మెత్తబడి మొత్తం నమిలి తినేయొచ్చు. పెద్ద చేపలో మనం ఏరి పారేసే ముల్లులోనే కాల్షియం ఉంది మరి. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్న చేపను పరీక్షించి చూస్తే విటమిన్ ఎ చాలా ఎక్కువగా ఉందట, అదీ ఎక్కువ భాగం కళ్లలో, పొట్టలో. ఆ జాతి మన నీళ్లలోనూ ఉంది. అలాంటి వాటిని తల తీసేసి వండితే దండగే.

బాధ ఏమిటంటే, పెంపకం చెరువుల్లో వీటిని కలుపు చేపలంటారు. చేపపిల్ల వదిలే ముందు ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి) వేసి చంపేస్తారు. రైతును తప్పుపట్టడం లేదు, మేత పెద్ద చేపకే దక్కాలని అతని టెన్షన్ అతనిది. కానీ బంగ్లాదేశ్ రైతులు శీలావతి, బొచ్చెలతో పాటే మోలాను కూడా పెంచుతున్నారు, పెద్ద చేప దిగుబడేమీ తగ్గలేదు. పెద్దది అమ్ముకుంటారు, చిన్నది వారం వారం ఇంటి కూరకు పట్టుకుంటారు. ఇక్కడేమో లారీల కొద్దీ చేప ఐసులో పెట్టి బెంగాల్‌కీ అస్సాంకీ పంపుతూ, పండించిన ఊళ్లోనే పిల్లలకు చేపకూర ఎప్పుడో ఆదివారం మాట.

మన మత్స్యశాఖ కూడా కొన్ని చెరువుల్లో ఇలా కలిపి పెంచి చూపించాలి, అంగన్‌వాడీల్లో గుడ్డుతో పాటు వారానికి ఒకసారైనా చిన్న చేప పెట్టే దారి చూడాలి. వేసవిలో చెరువులు ఎండగట్టడమో ఇప్పచెక్క చల్లడమో చేయకముందే ఈ సంగతి రైతులకు చేరేలా మీ పేపర్ కూడా రాయాలని కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, ఆకివీడు