వార్షిక నివేదిక 2024–25: తోలుబొమ్మ కళాకారులు, ప్రభుత్వ పథకాలు, మన తొలి పరిశోధన ఇంటర్న్‌షిప్

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది పిల్లలకు బొమ్మలాట తరగతులు ఎప్పటిలాగే నడిచాయి. వేసవి శిబిరం, కార్తీకంలో రాత్రి ఆటలు, కళాకారుల కుటుంబాలకు కంటి పరీక్షలు అనుకున్నట్టే జరిగాయి. ఆడిట్ పూర్తయిన జమాఖర్చులు విడిగా జతచేశాం. వాటి మీద ప్రశ్నలుంటే సర్వసభ్య సమావేశంలో కోశాధికారి జవాబిస్తారు. నేను మాత్రం ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒకే పనికి కేటాయిస్తున్నాను. మన సంఘం తొలిసారి ప్రభుత్వ విధానాల మీద పరిశోధన కోసం ఒక ఇంటర్న్‌ను పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆటలు ఆడించడం, బొమ్మలు అమ్మించడం, సన్మానాలు చేయడం మనకు అలవాటైన పనులు. రూల్సు చదవడం ఇదే మొదలు.

పోయిన సమావేశంలో తోలుబొమ్మ కళాకారుల ఊరు నిమ్మలకుంట నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు లేచి, "పథకాలు బోలెడున్నాయంటారు, మా గడప దాకా ఒక్కటీ రాదేం?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలనే పబ్లిక్ పాలసీ చదువుతున్న ఒక విద్యార్థినిని ఆరు నెలలకు తీసుకున్నాం. ఆమెకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చాం. దీని మీద కార్యవర్గంలో చర్చ జరిగింది. అనుభవం వస్తుంది కదా, డబ్బెందుకని కొందరన్నారు. ఊరికే చేయమంటే ఇంట్లో జరుగుబాటు ఉన్న పిల్లలే రాగలరు, కళాకారుల ఇళ్ల పిల్లలు ఎప్పటికీ రాలేరు. అందుకే స్టైపెండ్ ఉండాల్సిందేనని నిర్ణయించాం. ఇంకో షరతు కూడా పెట్టాం: ఆమె రాసే నివేదికలో ప్రతి అధ్యాయమూ ముందు ఊళ్లో తెలుగులో చదివి వినిపించాలి, వాళ్లు సరే అన్నాకే పైకి పంపాలి.

ఆమె తేల్చిన ముఖ్య విషయం ఇది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో మేకతోలు గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేసే మనిషే రాత్రికి తెర వెనక నిలబడి రంగనాథ రామాయణం ద్విపదలు పాడతాడు. రాముడికీ రావణుడికీ గొంతిస్తాడు, హాస్యపాత్ర కేతిగాడితో నవ్విస్తాడు. మనిషి ఒక్కడే. ఢిల్లీలో మాత్రం అతని ఫైళ్లు రెండు. ఆట ఆడేవాడిగా అతను సాంస్కృతిక శాఖ పరిధిలోకి, సంగీత నాటక అకాడమీ లెక్కలోకి వస్తాడు. బొమ్మ చేసేవాడిగా జౌళి శాఖ కింద హస్తకళల విభాగానికి చెందుతాడు. హస్తకళాకారుల పెహచాన్ గుర్తింపు కార్డు ఇచ్చేది ఈ రెండో వైపు. వృద్ధ కళాకారులకు ఆర్థిక సాయం వచ్చేది మొదటి వైపు. 60 ఏళ్లు దాటి, ఏడాది ఆదాయం 72,000 రూపాయలకు మించని వాళ్లకు నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయలు ఇచ్చే కేంద్ర పథకం అది. మనవాళ్ల దగ్గర ఉన్నవి ఎక్కువగా హస్తకళల కార్డులే. ఆటలాడినందుకు రుజువు అడిగితే చూపడానికి ఏ కాగితమూ లేదు. గుడి తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడిన ఆటకు రసీదు ఎవరిచ్చారు? ఊరి పెద్దలు తాంబూలం పెట్టి, బియ్యం, డబ్బు చేతిలో పెట్టి పంపేవారు.

పెద్దాయన ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉందని నా నమ్మకం. కళ లేక కాదు, పేదరికం లేక కాదు, కాగితం లేక ఆగిపోతున్నాం.

చేతివృత్తులవాళ్ల కోసం పెట్టిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం సంగతి ఇంకోలా ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. తోలుబొమ్మకు విడిగా పేరు లేదు, సంప్రదాయ బొమ్మల తయారీ మాత్రం ఉంది. ఆ వృత్తి కింద మనవాళ్లను చేర్చాలని అడగడానికి వీలుంది. పనిముట్లకు 15,000 రూపాయలు, తాకట్టు లేకుండా ముందు లక్ష, తర్వాత 2 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు అంటే మన కుటుంబాలకు చిన్న విషయం కాదు. చిక్కల్లా కుటుంబంలో ఒక్కరికే లబ్ధి అన్న నిబంధనతోనే. రంగులు వేయడంలో సగం పని ఆడవాళ్లది. సీత గొంతు, హాస్యపాత్ర బంగారక్క గొంతు వాళ్లవే. దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి పేరు మగవాళ్లది అయిపోతుంది. ఈ అధ్యాయం ఊళ్లో చదివినప్పుడు మొదట మాట్లాడింది ఆడవాళ్లే. భార్యాభర్తలిద్దరూ వృత్తిలో ఉన్న ఇళ్లలో ఇద్దరినీ గుర్తించాలన్న సిఫారసు వాళ్లు చెప్పిన మాటల్లోంచే వచ్చింది. ఆమె నివేదిక మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించిన సిఫారసు ఇదే.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉందని మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. ఆ గుర్తింపును తమ బొమ్మల మీద చట్టబద్ధంగా వాడుకోవాలంటే ప్రతి కళాకారుడూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలని మనలో చాలామందికి తెలియదు. 2020లో నియమాలు సవరించి ఆ దరఖాస్తు రుసుమును 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయల పని! లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు అమ్ముకుని బతికే కుటుంబాలకు ఇది వెంటనే చేయాల్సిన పని.

సమాచార హక్కు దరఖాస్తులు పెట్టడం కూడా ఈ ఏడాదే నేర్చుకున్నాం. సంఘం పేరుతో కాక పౌరుడిగా ఎవరి పేరుతో వాళ్లే పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. కొన్ని జవాబులు గడువులోపే వచ్చాయి. ఒక కార్యాలయం నుంచి రాలేదు, దాని మీద అప్పీలు వేశాం.

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక మరో ఇబ్బంది మొదలైంది. పాత ధ్రువపత్రాల్లో అనంతపురం జిల్లా, కొత్త కాగితాల్లో శ్రీ సత్యసాయి జిల్లా. కార్డుల మీద చిరునామాలు సరిచేయించుకునే పనిలో యువ సభ్యులు సాయంగా తిరుగుతున్నారు. వాళ్లకు మన కృతజ్ఞతలు.

2020లో తోలుబొమ్మ కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చిన రోజు మన వాళ్లందరి ఇళ్లలో పండగైంది. ఆ గౌరవం ఆయన తరానికి న్యాయంగా దక్కింది. ఆయన వెనక తెర పట్టిన వాళ్లకు, మద్దెల వాయించిన వాళ్లకు, కాకినాడ దగ్గరి మాధవపట్నంలో ఇదే ఆట ఆడే కుటుంబాలకు అందాల్సింది ఇంకా చాలా ఉంది. మాధవపట్నం వాళ్లతో కలిసి ఉమ్మడి వినతిపత్రం ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్ కొనసాగుతుంది. ఈసారి రెండు స్థానాల్లో ఒకటి కళాకారుల కుటుంబాల పిల్లలకే. డిగ్రీ చదువుతుంటే చాలు. ఇంట్లో మన కుటుంబాల మాట అయిన ఆరె మరాఠీ మాట్లాడే పెద్దల జ్ఞాపకాలను, ఆడిన ఊళ్లను, ఆడిన ఏళ్లను వాళ్లే రాసి, ఊరి సర్పంచి చేతో, గుడి ధర్మకర్తల చేతో సంతకం చేయిస్తే ప్రదర్శనలకు రుజువు పత్రం తయారవుతుంది. నమూనా సిద్ధంగా ఉంది.

భౌగోళిక గుర్తింపు దరఖాస్తులు సంఘం కార్యాలయంలో ప్రతి ఆదివారం ఉదయం నింపిస్తాం. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, హస్తకళల కార్డు ఉంటే అది, ఇంట్లో ఎక్కడైనా దాచిన పాత ఆహ్వాన పత్రికలు, ఫొటోలు తెచ్చుకోండి. భార్యాభర్తలిద్దరూ రండి.

ఇట్లు,
కార్యదర్శి